అబ్బా చర్ఖీ, ఘడీసాజ్ పాఠం

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక రెండేళ్లకు గానీ ఆయన సందూక్ తెరిచే హిమ్మత్ మాకు రాలేదు. అమ్మీ చాబీ ఇచ్చి పక్కగదిలోకి వెళ్లిపోయింది. లోపల రద్దయిన పాస్‌పోర్టు, ఇఖామా, ఖతుల కట్టలు ఉన్నాయి. అన్నిటి కింద ఎర్ర గళ్ల రుమాలులో చుట్టిన బరువైన వస్తువు ఒకటి. విప్పితే చేపల గాలానికి బిగించే రీల్. మా ఇంట్లో ఎవరూ దాన్ని రీల్ అనేవాళ్లు కాదు. పతంగుల మాంజా చుట్టేది చర్ఖీ అయినప్పుడు ఇదీ చర్ఖీయే.

మహబూబ్‌నగర్‌లో దరియా ఎక్కడిది, ఈ చర్ఖీ ఎందుకని అడగొచ్చు. పాలమూరు తారీఖ్ తెలిసినవాళ్లు అడగరు. 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు ఈ ఊరికి పెట్టారు గానీ, జనం నోట్లో పాలమూరు పోలేదు. పాలమూరు పేరుతో పాటు పాలమూరు లేబరూ పోలేదు. దేశంలో ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా మా జిల్లా మట్టిపనివాళ్లు అక్కడ ఉన్నారు. ఊళ్లో నీళ్లు లేక, ఊరూరా నీళ్లు నిలబెట్టే పనికి పోయారు. 1973 తర్వాత చమురు ధర పెరిగి అరబ్ దేశాల్లో పనులు మొదలయ్యాక, ఆ వలస దారిలో మా ముసల్మాన్ ఇళ్ల మగవాళ్లు సముద్రం దాటారు. మా అబ్బా 1979లో జెద్దా పోయాడు, డ్రైవరీకి. జుమా రోజు సెలవు. కార్నిష్ మీద తోటి డ్రైవర్లతో కలిసి ఎర్ర సముద్రంలో గాలం వేసేవాడట. తిరిగి వచ్చేటప్పుడు అందరూ టేప్‌రికార్డర్లు, కంబళ్లు తెచ్చుకుంటే ఆయన వాటితో పాటు ఈ చర్ఖీ కూడా తెచ్చుకున్నాడు.

నేను చూసేనాటికి అది తిరగడం లేదు. హ్యాండిల్ తిప్పితే గరగరమని ఆగిపోయేది. లోపలి గ్రీజు మైనంలా గట్టిపడింది. అడుగు పట్టీ మీద పచ్చటి కిలుము. బాగు చేయిద్దామనుకున్నాను. చేపల సామాన్ అమ్మే దుకాణంలో అడిగితే కొత్తది కొనుక్కోమన్నారు. చివరికి క్లాక్ టవర్ దగ్గర చిన్న డబ్బాలో కూర్చునే ముసలి ఘడీసాజ్ చాచా దగ్గరికి పట్టుకుపోయాను. కంటికి అద్దం బిగించుకుని, పేచ్‌కస్‌తో మూడు మరలు తీసి, పక్క రేకు లాగి లోపలికి చూశాడు.

“యే మచ్లీ కా సామాన్ నహీ బేటా, యే తో ఘడీ కా భాయీ హై” అన్నాడు.

చాచా మాట తమాషాకు అన్నదేమో అనుకున్నాను. ఇంటికొచ్చి చదివితే తెలిసింది, అది అక్షరాలా చరిత్ర.

గాలానికి చర్ఖీ కట్టడం పాత ఆలోచనే. 12వ శతాబ్దం చివర చైనా ముసవ్విర్ మా యువాన్ గీసిన ఒక చిత్రంలో చలికాలపు సరస్సు మీద పడవలో ఒంటరి జాలరి ఉంటాడు. అతని కర్రకు చిన్న చక్రం ఉంటుంది. ఇంగ్లాండ్‌లో 1651లో థామస్ బార్కర్ అచ్చేసిన గాలపు పుస్తకంలో దారం చుట్టే సాధనం మాట వస్తుంది. కానీ అవన్నీ ఒక చుట్టు తిప్పితే ఒకే చుట్టు తిరిగేవి. హ్యాండిల్ ఒక్కసారి తిప్పితే లోపలి స్పూల్ నాలుగుసార్లు తిరిగే చర్ఖీ, అంటే పెద్ద పళ్ల చక్రం చిన్న పళ్ల చక్రాన్ని తిప్పే తర్కీబ్, అమెరికాలోని కెంటకీలో 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో పేరు తెచ్చుకుంది. అక్కడ దాన్ని చేసిన జార్జ్ స్నైడర్ గడియారాలు, వెండి పని చేసేవాడు. ఆయన తర్వాత పేరు పొందిన మీక్ సోదరులు కూడా ఘడీసాజ్‌లే. చిన్న పళ్ల చక్రాలు కోయడం, ఇరుసును వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోబెట్టడం ఆ రోజుల్లో ఎవరికి వచ్చు? ఘడీసాజ్‌కే.

మనదేశంలోకి ఈ సామాన్ తెల్ల దొరలతో వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసులో పనిచేసిన హెన్రీ సలివన్ థామస్ 1873లో భారతదేశపు గాలం మీద పెద్ద కితాబ్ రాశాడు. తర్వాత చెరువుల్లో గాలం వేయడం మీద వేరే పుస్తకమే రాశాడు. చెరువుల దేశంలో కొలువు చేసినవాడు చెరువును వదిలి ఏం రాస్తాడు? అదే చెరువు గట్టున మన బెస్తవాళ్లు, ముదిరాజులు వలతో, బుట్టతో, వెదురు కర్ర గాలంతో తరతరాలుగా కొరమట్ట పట్టేవారు. దొరకు చేప షౌక్, వీళ్లకు అది రోజీ. చర్ఖీ ఈ ఇద్దరి మధ్య చాలా కాలం దాటలేదు.

అబ్బా చర్ఖీ స్వీడన్ సరుకు. పక్క రేకు మీద అంబాసడర్ అని రాసి ఉంది. మనకు ఆ పేరు వింటే తెల్ల కారు గుర్తొస్తుంది. ఇది అబూ అనే కంపెనీది. పేరు చూసి మా చిన్న తమ్ముడు అరబ్బులదే అనుకున్నాడు. అసలుకు అది ఆక్తీబొలాగెట్ ఉర్‌ఫాబ్రికెన్ అనే పేరుకు పొట్టిరూపం. స్వీడిష్‌లో ‘ఉర్’ అంటే గడియారం. గడియారాల ఫ్యాక్టరీ! 1921లో స్వాంగ్‌స్టా అనే ఊళ్లో కార్ల్ ఆగస్ట్ బోర్గ్‌స్ట్రోమ్ దాన్ని పెట్టాడు. జేబు గడియారాలు చేశారు, తర్వాత టాక్సీ మీటర్లు చేశారు. రెండో ప్రపంచ జంగ్‌లో మీటర్లకు గిరాకీ పడిపోయింది. అవే యంత్రాలు, అవే చేతులు చర్ఖీలకు మళ్లాయి. 1950ల ఆరంభంలో అంబాసడర్ వచ్చింది. జిందగీ అంతా స్టీరింగ్ పట్టిన మా అబ్బా, టాక్సీ మీటర్లు చేసినవాళ్ల చర్ఖీ కొనుక్కున్నాడని ఆయనకు తెలిసి ఉండదు. తెలిస్తే నవ్వేవాడు.

చాచాకు కూడా ఈ కథ చెప్పాను. “మరి వాళ్లు అక్లమంద్‌లు, పని మార్చుకున్నారు” అన్నాడు. ఆయన జవానీ అంతా హెచ్‌ఎంటీ గడియారాలకు కీ వేసే స్ప్రింగులు మార్చడంలో పోయింది. 1961లో నెహ్రూ చేతుల మీదుగా తొలి గడియారాలు ఇచ్చిన ఆ గడియారాల కంపెనీని 2016లో మూసేయాలని సర్కార్ నిర్ణయించింది. ఇప్పుడు చాచా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది సెల్ మార్చమని అడిగేవాళ్లే. ఆ చర్ఖీని మాత్రం ఆయన నాలుగు రోజులు తన దగ్గరే ఉంచుకున్నాడు. జుమా నమాజ్ అయ్యాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క పురజా చూపించాడు.

ఏవి ఉంచాలి, ఏవి మార్చాలి అనేదే అసలు బహస్. పళ్ల చక్రాలు ఇత్తడివి. మిట్టి నూనెలో నానబెట్టి తుడిస్తే నిన్న కోసినట్టు ఉన్నాయి. వాటిని ముట్టుకోలేదు. స్పూల్ రెండు కొసల బేరింగులు తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. సముద్రపు ఉప్పు, ఆ తర్వాత ముప్ఫై ఏళ్ల సందూక్ చీకటి. వాటి కొలత మూడు మిల్లీమీటర్ల రంధ్రం, పది మిల్లీమీటర్ల వెడల్పు, నాలుగు మిల్లీమీటర్ల మందం. ఆ కొలతకు ఇప్పుడు సిరామిక్ గుళ్ల బేరింగులు కూడా దొరుకుతాయి. నేను అవే తెప్పిద్దామన్నాను. చాచా తల అడ్డంగా ఊపాడు. “తేజ్ ఎక్కువైతే చిక్కు ఎక్కువ.” నిజమే. గాలం విసిరినప్పుడు స్పూల్ తిరిగే వేగం దారం పోయే వేగాన్ని దాటితే దారం వెనక్కి పొర్లి గూడు కట్టేస్తుంది. దాన్ని ఆపడానికే లోపల రెండు చిన్న దిమ్మలు ఉన్నాయి. స్పూల్ జోరుగా తిరిగితే అవి బయటికి జరిగి అంచును రాసుకుని బ్రేకు వేస్తాయి. చివరికి మామూలు స్టెయిన్‌లెస్ స్టీల్ బేరింగులే వేశాం.

దారాన్ని స్పూల్ మీద ఈ కొస నుంచి ఆ కొసకు సమంగా పరిచే మర ఒకటి ఉంటుంది. దాని మీద రెండు గాడులు ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతాయి. గాడిలో ఒక చిన్న నాలుక జారుతూ పోయి, కొసకు రాగానే ఎదురు గాడిలోకి మళ్లుతుంది. ఈ తర్కీబ్ మీద 1890ల్లో పేటెంట్ తీసుకుని అమెరికాలో కంపెనీ పెట్టినాయన పేరు విలియం షేక్స్‌పియర్. నాటకాలాయన కాదు, మిషిగన్ ఆయన. మా చర్ఖీలో ఆ నాలుక అరిగి సూదిలా అయింది. కొత్తది వేశాం.

పెద్ద మార్పు డ్రాగ్‌లో చేశాం. చేప గట్టిగా లాగినప్పుడు దారం తెగకుండా, కొంచెం కొంచెంగా వదులుతూ అలసిపోయేదాకా ఆడించే ఏర్పాటు అది. నక్షత్రం ఆకారం చక్రాన్ని బిగిస్తే లోపల బిళ్లలు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి. పాత ఫైబర్ బిళ్లలు గట్టిపడి, ఒకసారి పట్టేసి ఒకసారి వదిలేస్తున్నాయి. వాటి చోట కార్బన్ ఫైబర్ బిళ్లలు పెట్టాం. వేడికి పాడవవు, లాగుడు సమంగా ఉంటుంది. దారం కూడా కొత్తదే. అబ్బా వాడింది నైలాన్, అది 1930ల చివర డ్యూపాంట్ కంపెనీ లోకానికిచ్చిన సరుకు. ఇప్పుడు చుట్టింది సన్నగా అల్లిన పాలీఎథిలిన్ దారం. అదే లావు నైలాన్ కంటే చాలా ఎక్కువ బరువు ఆపుతుంది.

మా తమ్ముడు ఫోన్లో అడిగాడు. “బేరింగులు మార్చావు, బిళ్లలు మార్చావు, దారం మార్చావు. ఇంకా అబ్బాది ఏం మిగిలింది భాయ్?”

నా దగ్గర జవాబు తయారుగా ఉంది. అరిగేవి మార్చడానికే ఉంటాయి, అబ్బా జెద్దాలోనే ఉండి ఉంటే తనే మార్చేవాడు అన్నాను. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడతాను. కానీ అప్పటికే నేను చేసిన గల్తీ సంగతి నాకింకా తెలియదు.

చాచాకు ఇవ్వకముందు ఇంట్లో నేనొక పని చేశాను. కర్రకు బిగించే అడుగు పట్టీ మీద కిలుము, గీతలు ఉన్నాయి కదా. పాలిష్ పేస్టు, సన్నటి ఎమరీ కాగితం తెచ్చి ఒక ఆదివారం మధ్యాహ్నమంతా రుద్దాను. అద్దంలా మెరిసింది. కింద ఫ్యాక్టరీ గుద్దిన అంకెలు స్పష్టంగా బయటపడ్డాయి. 1970ల నడిమి తర్వాతి అంబాసడర్లలో ఆ నంబరు మొదటి రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండు నెల. మాది 1978 మే. పెద్ద తహఖీఖ్ చేసినట్టు ఖుషీ అయ్యాను.

బాగై వచ్చాక చర్ఖీని అమ్మీ చేతిలో పెట్టాను. తిప్పి చూసింది. తిరగేసి అడుగు చూసింది. కళ్లద్దాలు తెప్పించుకుని మళ్లీ చూసింది.

“ఇక్కడ మీ అబ్బా రాసింది ఏదిరా?”

“ఏం రాశాడమ్మీ?”

“మేకుతో పేరు రాసుకున్నాడు. పేరు కింద నీ పేరు కూడా. నువ్వు పుట్టిన ఖత్ అందిన రోజు రాశానని చెప్పేవాడు.”

నేను గీతలనుకున్నవి హర్ఫులు. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి, పాతికేళ్లుగా కాగితాలు చదివి బతుకుతున్నవాణ్ణి, కిలుము కింద మా అబ్బా దస్తఖత్‌ను పోల్చుకోలేకపోయాను. ఫ్యాక్టరీ లోతుగా గుద్దింది గనుక దాని నంబరు మిగిలింది. అబ్బా చేత్తో పైపైన గీకాడు గనుక ఆయనది పోయింది. ఏ చేతుల్లో ఏ కంపెనీ చర్ఖీ ఉందో చెప్పే చరిత్రలు చాలా ఉన్నాయి. ఆ చేతులు ఏం రాసుకున్నాయో చెప్పేది ఆ పట్టీ ఒక్కటే.

చాచాతో చెప్పుకుంటే ఆయన తిట్టలేదు. తన డబ్బాలోంచి ఒక పాత గడియారం తీసి వెనక మూత తెరిచాడు. మూత లోపలివైపు సన్నటి గీతలు, అంకెలు. బాగుచేసిన ప్రతి ఘడీసాజ్ తన గుర్తు, తేదీ అక్కడ గీకుతాడట. తన ఉస్తాద్ గుర్తు కూడా అందులో ఉంది. “పురజా మార్చొచ్చు బేటా. నిషానీ మీద చేయి వేయొద్దు” అన్నాడు.

పోయిన నెల కోయిల్‌సాగర్ వెళ్లాం, తమ్ముడు, నేను. నిజాం పాలన చివరి ఏళ్లలో, 1945-48 మధ్య, పెద్దవాగు మీద కట్టిన ఆనకట్ట అది. ఇప్పుడు దానికి జూరాల నుంచి కృష్ణ నీళ్లు ఎత్తిపోస్తున్నారు. అదీ పాత కట్టకు కొత్త పురజాయే. చేపల హక్కు మత్స్యకారుల సహకార సంఘానిది గనుక వాళ్లను అడిగి, గట్టున ఒక మూల నిలబడ్డాం. మొదటిసారి విసిరితే దారం గూడు కట్టింది. రెండోసారీ అంతే. మూడోసారి బొటనవేలు స్పూల్ మీద ఆనించి విసిరాను. చర్ఖీ సన్నగా పాడుతూ పోయింది. చేప పడలేదు. తమ్ముడు కాసేపు తిప్పి, “బాగుంది భాయ్” అని మాత్రం అన్నాడు.

తీసేసిన పాత బేరింగులు, ఫైబర్ బిళ్లలు, అరిగిన నాలుక అమ్మీ పాత పాన్‌దాన్‌లో పెట్టాను. వాటితో పాటు ఒక చిట్టీ. ఏ తేదీన ఏది తీశాం, దాని చోట ఏది వేశాం, ఎవరు చేశారు. అమ్మీ చెప్పిన మాట ప్రకారం అడుగున ఏం రాసి ఉండేదో, దాన్ని ఎవరు చెరిపారో కూడా రాశాను. ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. మా పిల్లలకు ఉర్దూ చదవడం రాదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉంటాయి. దాదా సైకిల్ లాంతరు, నానీ కుట్టుమిషన్, గల్ఫ్ నుంచి వచ్చిన టేప్‌రికార్డర్. బాగు చేయించండి, కొత్త పురజాలు వేయించండి, వాడండి. పాలిష్ చేసేముందు మాత్రం నాలుగు వైపులా ఫోటో తీయండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల చేతిలో పెట్టి, ఈ గీతలు ఏమిటని ఒక్కసారి అడగండి.