మిల్లులోకి నడిచిన తరగతి

మసాచుసెట్స్ రాష్ట్రంలోని మౌంట్ హోల్యోక్ మహిళా కళాశాలలో గత శతాబ్దం తొలి ఏళ్లలో అమెరికా ఆర్థిక చరిత్ర బోధించిన ఆనా మే సోల్, తన విద్యార్థినులకు ఒక పని అప్పగించేవారు. పక్కనే ఉన్న హోల్యోక్ పట్టణంలో కనెక్టికట్ నది నీటి బలంతో నడిచే కాగితం మిల్లులు, బట్టల మిల్లులు ఉండేవి. వాటిలోకి వెళ్లి, పని ఎలా సాగుతోందో కళ్లతో చూసి, రాసుకుని రావాలి.

అప్పట్లో పది గంటల పని మామూలు. యంత్రంలో పడి చెయ్యి పోయినవాడికి పరిహారం కావాలంటే, యజమాని మీద దావా వేసి తప్పు అతనిదేనని తానే రుజువు చేసుకోవాలి. కూలివాడికి అది అయ్యే పని కాదు.

ఆ తరగతిలో ఫ్రాన్సిస్ పెర్కిన్స్ అనే భౌతికశాస్త్ర విద్యార్థిని ఉన్నారు. పేదరికానికి తాగుడూ సోమరితనమే కారణమని నమ్మే మధ్యతరగతి వాతావరణంలో పెరిగిన అమ్మాయి. ఒళ్లు దాచుకోకుండా పనిచేసే కుటుంబాన్ని కూడా ఒక్క ప్రమాదం రోడ్డున పడేస్తుందని ఆమెకు మిల్లుల్లోనే తెలిసింది. 1902లో, ఆమె చదువు ముగిసే ఏడాది, బాలకార్మిక వ్యవస్థపై పోరాడుతున్న ఫ్లోరెన్స్ కెల్లీ ఆ కళాశాలకు వచ్చి ప్రసంగించారు. పెర్కిన్స్ జీవితం ఎటు సాగాలో ఆ ఏడాదే తేలిపోయింది.

1910లో ఆమె న్యూయార్క్ వినియోగదారుల సంఘంలో చేరారు. మరుసటి ఏడాది మార్చి 25న, శనివారం సాయంత్రం, ఆ నగరంలోని ట్రయాంగిల్ దుస్తుల ఫ్యాక్టరీ అంటుకుంది. ఫ్యాక్టరీ ఉన్నది 8, 9, 10 అంతస్తుల్లో. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరో అంతస్తు దాకానే అందాయి. తొమ్మిదో అంతస్తులో ఒక తలుపుకు తాళం వేసి ఉంది. 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది వలస వచ్చిన యూదు, ఇటాలియన్ కుటుంబాల యువతులు. దగ్గర్లోనే ఒక ఇంట్లో టీకి వచ్చిన పెర్కిన్స్ పరుగున వెళ్లి, వాళ్లు కిటికీల్లోంచి దూకడం చూశారు.

ఆ ఏడాదే న్యూయార్క్ రాష్ట్రం ఫ్యాక్టరీల విచారణ సంఘాన్ని వేసింది. శాసనసభ్యులు రాబర్ట్ వాగ్నర్, ఆల్ స్మిత్ దానికి నాయకత్వం వహించారు. పెర్కిన్స్ అందులో పనిచేశారు. సోల్ తనతో చేయించిన పనినే ఆమె ఈ పెద్దమనుషులతో చేయించారు. రాత్రంతా పది గంటలు పనిచేసి తాళ్ల కార్ఖానా నుంచి బయటికొస్తున్న ఆడవాళ్లను స్మిత్‌కు చూపించారు. బఠానీలు ఒలుస్తున్న ఐదేళ్ల, ఏడేళ్ల పిల్లల దగ్గరికి తీసుకెళ్లారు. ఒకచోట గోడకున్న చిన్న కంతలోంచి వాగ్నర్‌ను పాకించారు. అవతల మంచు పట్టిన ఇనుప నిచ్చెన, అదీ నేలకు పన్నెండు అడుగుల ఎత్తులోనే ఆగిపోయింది. మంటలొస్తే తప్పించుకోవడానికి పనివాళ్లకున్న దారి అదే! ఏ నివేదికా ఇంత బలంగా చెప్పలేదు. కొద్ది ఏళ్లలోనే ఆ రాష్ట్రంలో 30కి పైగా కార్మిక చట్టాలు వచ్చాయి.

1933లో పెర్కిన్స్ కార్మిక మంత్రి అయ్యారు. అమెరికా కేంద్ర మంత్రివర్గంలో తొలి మహిళ ఆమే. ఆమె పదవిలో ఉండగానే, 1935లో, సామాజిక భద్రతా చట్టం వచ్చింది. కార్మికులు సంఘం పెట్టుకునే హక్కును కాపాడే చట్టమూ అదే ఏడాది వచ్చింది, దానికి వాగ్నర్ పేరే పడింది. 1938 చట్టం గంటకు 25 సెంట్ల కనీస వేతనం నిర్ణయించి, వారానికి 44 గంటలు దాటితే ఓవర్‌టైం కూలి ఇవ్వాలంది. చాలా పరిశ్రమల్లో పదహారేళ్లలోపు పిల్లల పనిని నిషేధించింది. అయితే పొలాల్లో, ఇళ్లలో పనిచేసేవారిని వదిలేసింది. దక్షిణాది నల్లజాతి కార్మికుల్లో అధికభాగం వాళ్లే కాబట్టి, ఇది చిన్న లోపం కాదు.

1957లో, 77 ఏళ్ల వయసులో, పెర్కిన్స్ కోర్నెల్ విశ్వవిద్యాలయం కార్మిక సంబంధాల విభాగంలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. 1960 నుంచి విద్యార్థుల వసతి గృహంలోనే ఉన్నారు. 1965లో మరణించారు. అంతకు ముందు సంవత్సరం సెప్టెంబరులో అక్కడి విద్యార్థులకు ట్రయాంగిల్ మంటల గురించి ఆమె చెప్పిన పాఠం రికార్డు ఆ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉంది.