కొట్టములో నిలిచిన మోటారు



జీర్ణోద్ధరణ మను మాట మనకు క్రొత్తది కాదు. గోపురము బీటవారినప్పుడు, ధ్వజస్తంభము పుచ్చినప్పుడు, తేరుచక్రము సడలినప్పుడు ఆ మాట వినుచున్నాము. ఒక మోటారుబండిని గూర్చి దానిని వాడవలసివచ్చునని మాత్రము నేనెన్నడును తలపలేదు. వాడవలసివచ్చినది. ఆ వృత్తాంతమునే నేడు మనవి చేయుచున్నాను.

ఆళ్ళగడ్డకు చేరువలో ఒక పల్లెయందు ఒక రైతుకుటుంబము కలదు. వారి పాతకొట్టము కూలుటకు సిద్ధముగా నుండగా దానిని విప్పబూనిరి. చొప్ప, విరిగిన గొర్రులు, కాడిమ్రాకులు తీయగా తీయగా గోడ కానుకొని ఒక మోటారుకారు బయటపడెను. ఇంటివారికి అది అక్కడ నున్నదని తెలియకపోలేదు, తెలిసియు మరచిరి. దానిని అచట నిలిపినవారు వారి తాతగారు. నిలిపి అరువదియేండ్లు దాటినది. పాతయినుము కొనువాడు వచ్చి తూకమునకు బేరమాడెను. అన్నదమ్ములలో పెద్దవాడు సరే యనెను. చిన్నవాని కుమారుడు, యంత్రవిద్య చదువుకొన్న బాలుడు, అడ్డుపడెను. తాతగారి రేకుపెట్టెలో కాగితములు కొన్ని యుండుటచే, అవి చదివి చెప్పుటకై నన్ను పిలిచిరి. నేను బడిపంతులను. మోటారునకు పెట్రోలు తిండి యనియు, నీరు దాహమనియు తప్ప ఆ శాస్త్రమున నాకేమియు తెలియదు. కాగితములు మాత్రము చదువగలను.

బండి ముందరి జల్లెడమీద షెవర్లే గుర్తు కానవచ్చెను. ఇది అమెరికాదేశపు జనరల్ మోటార్సువారి బండి. ఆ సంస్థవారు 1928లో బొంబాయి నగరమున శివడీయందు ఒక కర్మాగారము నెలకొల్పి, ఓడలపై వచ్చిన భాగములను అక్కడ కూర్చి మన దేశమున అమ్ముచుండిరి. రసీదులనుబట్టి చూడగా ఈ బండి 1940కి కొంత పూర్వమున ఈ ఇంటికి వచ్చినది. పైరేకు త్రుప్పుపట్టినను నిలిచియున్నది. లోపలి సంగతి వేరు. ఆనాటి ఇట్టి బండ్లకు పైన రేకే యైనను లోపలి చట్రము కొయ్య. ఆ కొయ్యను చెదలు తినివేసెను. తలుపుమీద చేయి వేయగానే తలుపు చేతికి వచ్చెను. సీట్లయందలి పీచును ఎలుకలు గూళ్ళకు కొనిపోయినవి. ఇంజను బిగుసుకొని కదలక మెదలక యుండెను.

ఇట్టి బండి ఈ త్రోవలో ఏల తిరిగినదో నేటి బాలురకు చెప్పవలసియున్నది. నంద్యాలకు రైలు పందొమ్మిదవ శతాబ్దము ముగియకమున్నే వచ్చినది. ఆళ్ళగడ్డకు నేటికిని రాలేదు. రెండింటి నడుమ దూరము సుమారు 25 మైళ్ళు. అహోబిలయాత్రికులు నంద్యాలలో రైలు దిగి, నల్లమలను ఎడమచేత నుంచుకొని, ఎద్దుబండ్లమీద దక్షిణముగా పోవుచుండిరి. దత్తమండలముల పెద్దలు 1928లో మహాసభ కూడి, చిలుకూరి నారాయణరావుగారి సూచనపై ఈ సీమకు రాయలసీమ యని నామకరణము చేసినదియు ఆ నంద్యాలలోనే. అటువంటి ఊరిలో రైలు దిగినవానిని ఇంటికి చేర్చుటకు కొన్నాళ్ళకు మోటారు కావలసివచ్చెను. కొందరు బస్సులు నడిపిరి; కొందరు కార్లు బాడుగకు త్రిప్పిరి. మా తాతగారు నడిచి పోయిన దారిని మా తండ్రిగారు మోటారుపై పోయిరి. ఆ రెండు తరముల నడిమి మార్పును గూర్చి మన చరిత్రగ్రంథములయందు ఒక పుటయైనను కానరాదు. రాజుల పట్టాభిషేకములు, యుద్ధములు మాత్రము నిండియున్నవి.

రేకుపెట్టెలోని కాగితములలో నన్ను మిక్కిలిగా ఆకర్షించినది ఒక జమాఖర్చుపుస్తకము. మొదటి పుటలయందు పెట్రోలునకు పద్దులు. తరువాత కొన్ని మాసములకు పెట్రోలు పద్దు చిక్కిపోయెను. దానికి బదులుగా బొగ్గుబస్తాలు కానవచ్చినవి. మోటారు గలవానికి ఇన్ని బస్తాల బొగ్గేల? కమ్మరికొలిమి పెట్టెనా యని మొదట శంకించితిని. మరి నాలుగు పుటలు త్రిప్పగా, గ్యాసుప్లాంటు బిగించిన కూలి యని ఒక పద్దు దొరకెను. అంతట విషయము తేటపడెను.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలు సేనలకు కావలసివచ్చుటచే, 1941 మొదలుకొని మన దేశమున దానిని కొలతపై ఇచ్చిరి. బాడుగమోటార్లు నిలిచిపోవలసిన గతి పట్టెను. అప్పుడు బొగ్గుతో బండి నడుపు ఉపాయమును ఊరూర అవలంబించిరి. బండి వెనుక ఒక ఇనుపపీపా బిగింతురు. అందు కట్టెబొగ్గు నింపి నిప్పు వేసి, గాలి చాలీచాలకుండ అందింతురు. బొగ్గు పూర్తిగా కాలక విషవాయు వొకటి పుట్టును. ఆ వాయువును వడపోసి గొట్టముద్వారా ఇంజనునకు పంపగా, అది పెట్రోలు ఆవిరివలెనే మండి బండిని నడుపును. బయలుదేరుటకు ముందు క్లీనరు పీపాప్రక్కనున్న చిన్నచక్రమును చేతితో గిరగిర త్రిప్పి నిప్పు రాజేయవలెను. బలము మాత్రము తగ్గును. మిట్ట వచ్చినప్పుడు ప్రయాణికులు దిగి త్రోయుట వాడుకయై పోయెను. బాడుగ ఇచ్చి, బొగ్గుపొగ త్రాగి, పైగా బండిని త్రోసిన ఆ పుణ్యాత్ముల ఓర్పును ఏమని కొనియాడుదును!

పుస్తకము మూసి బండి వెనుకకు పోయి చూచితిని. క్రింది ఇనుపకమ్మీలయందు కుడివైపు రెండు, ఎడమవైపు రెండు, మొత్తము నాలుగు రంధ్రములు. వాని అంచులు చేతితో తొలిచినట్లు వంకరగా నున్నవి. కర్మాగారమున చేసినవి కావు. పీపాను బిగించిన చోటు అదియే. బొంబాయిలో ఆ బండి పుట్టినప్పుడు ఆ రంధ్రములు లేవు. నంద్యాల ఆళ్ళగడ్డల నడుమ యుద్ధము దానిపై వేసిన ముద్రలవి.

బండిని అమ్మక బాగుచేయింపవలెనని ఇంటివారు తుదకు నిశ్చయించిరి. ఈ పని తెలిసిన మేస్త్రీ యొకడు వచ్చెను. నేర్పరి. బిగిసిన ఇంజనును బలాత్కారముగా త్రిప్పబోలేదు. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రములగుండ కిరసనాయిలును నూనెను కలిపి పోసి, పది దినములు నానబెట్టెను. ప్రతిదినము వచ్చి హ్యాండిలును వెంట్రుకవాసి కదపి చూచి పోవుచుండెను. పదునొకండవనాడు అది కదలెను. త్రుప్పుపట్టిన ఇనుముతో తొందరపడువాడు ఉన్నదానిని గూడ విరుగగొట్టునని అతడు చెప్పిన మాటను పాఠశాలలో పిల్లలను దండించుటకు ముందు నేను వినియుండవలసినది. చెదలు తినిన చట్రమునకు బదులు ఎద్దుబండ్లు చేయు వడ్రంగి యొకడు టేకుతో క్రొత్తచట్రము కూర్చెను. పాతకొయ్య ముక్కలను పారవేయక, వానినే కొలతకు పెట్టుకొనెను. ఇంతవరకు నాకు ఆక్షేపణ లేదు. కాని మేస్త్రీ ఒకనాడు ఆ నాలుగు రంధ్రములను చూపి, వీనిని అతుకువేసి పూడ్చి, బండిని కొన్ననాటి రూపునకు తెత్తుననెను. అచ్చట మా ఇరువురకు వాదము పుట్టెను.

వాదము చెప్పుటకు ముందు హైదరాబాదులోని ఒక బండిమాట చెప్పవలెను. ఆరవ నిజాము మహబూబు అలీఖాను ఇంగ్లండునందలి రోల్సురాయిసువారి యొద్ద ఒక మోటారునకు ఉత్తరువు చేసెను. సిల్వర్ ఘోస్టు అని ఆ జాతిబండికి పేరు. వెండివన్నెయు, చప్పుడులేని నడకయు గల మొదటి బండికి 1907లో పెట్టిన పేరది; తరువాత జాతికంతకు చెల్లినది. ఘోస్టనగా భూతము. భూతమను పేరుతో సరకు నమ్ముకొనగలుగుట ఆ దొరలకే చెల్లును. ఆ కాలమున రోల్సురాయిసువారు ఇంజనును చట్రమును మాత్రమే ఇత్తురు. పైపెట్టెను వేరొకరు చేయుదురు. నిజాముబండికి లండనునందలి బార్కరు అను వారు చేసిరి. పసుపువన్నె వేసి, వెనుక ఎత్తుగా సింహాసనమువంటి పీఠ ముంచిరి. ఆ బండి వచ్చులోపలనే 1911 ఆగస్టు 29న మహబూబు అలీఖాను గతించెను. కుమారుడు ఉస్మాను అలీఖాను లోకమున కెల్ల ధనవంతుడని పేరుపొందియు, ఆ బండిని ఉత్సవములకు తప్ప వాడలేదు. అనేకవత్సరముల తరువాత కూడ అది తిరిగిన దూరము 356 మైళ్ళు మాత్రమేనని ప్రసిద్ధి. మన షెవర్లే నంద్యాలకు ఆళ్ళగడ్డకు నడుమ ఏడుమారులు పోయి వచ్చిన సరిపోవును.

1967లో ఉస్మాను అలీఖాను మరణించిన పిమ్మట ఆస్తులు వ్యాజ్యములలో చిక్కెను. వారసుడైన ముకర్రంజా ఆస్ట్రేలియాలో కాపురముండెను. భవనములు పాడుపడెను; బండ్లు దశాబ్దములు దుమ్ములో నిలిచెను. ఈ శతాబ్దారంభమున ఎస్రా రాకుమారి పూనికతో చౌమహల్లా భవనమునకు జీర్ణోద్ధరణము జరిగి, 2005లో ప్రజలకు తెరువబడెను. 2010లో యునెస్కోవారు ఆ పనిని గౌరవించిరి. ఆ పసుపుబండి నేడు అక్కడ మెరయుచున్నది. నేను చూచితిని.

మేస్త్రీ వాదమునకు ఆ బండియే ఆధారము. నిజాముబండిని క్రొత్తదివలె చేయలేదా, మనదానిని ఏల చేయరాదని అతడడిగెను. ప్రశ్న న్యాయమైనదే. ఇంటికి వచ్చి రాత్రియంతయు ఆలోచించితిని. ఆగమములయందు విగ్రహము భిన్నమైనప్పుడు అంగము, ఉపాంగము, ప్రత్యంగము అని విభజించి, ఏది చెడిన విగ్రహమును మార్చవలెనో, ఏది చెడిన సరిచేసి యుంచవచ్చునో విధించియున్నారు. ఆళ్ళగడ్డ శిల్పులలో ఒక వృద్ధుని మరునాడు పోయి అడిగితిని. ఆయన ఉలి ప్రక్కన పెట్టి, పూజించు విగ్రహమునకు ఒక ధర్మము, పాడుగుడిలో దొరకిన రాతికి వేరొక ధర్మము అనెను. పూజకు నిలిపినది పూర్ణముగా నుండవలెను. పాతరాతిని మాత్రము తుడిచి నిలుపుటే గాని, తాను దానిపై మరల ఉలి వేయననెను. వేసినచో అది తనరాయి యగును గాని పూర్వునిరాయి కాదట.

ఆ మాటతో నాకు దారి దొరకెను. నిజాముబండి ఎక్కడికిని పోలేదు; ఎవరిని మోయలేదు. దానిని మొదటినాటి రూపున నిలుపుటచే పోవునది స్వల్పము. ఈ బండి రోగులను, పెండ్లివారిని, యాత్రికులను మోసినది. కొన్ననాటి రూపు దాని చరిత్రలో ఒక్కదినపు సంగతి మాత్రమే. చెదలు తినిన కొయ్య మార్చక తప్పదు, మార్చనిచో నిలువదు. రంధ్రములు పూడ్చకున్నను బండి నిలుచును. అందుచే కొయ్యవంటిది కాదు రంధ్రము. ఇదియే నేను మేస్త్రీతో చెప్పదలచినది.

ప్రభుత్వనిబంధన యొకటి నా పక్షమున దొరకెను. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ఏబదియేండ్లు దాటిన సొంతబండ్లకు వేరుగా నియమములు చేసినది. ఇంజను, చట్రము, పైపెట్టె మూలరూపమునుండి పెద్దగా మార్పు చెందని బండికి వీఏ అను అక్షరములతో వేరొక సంఖ్య ఇత్తురు. రుసుము 20,000 రూపాయలు; పదియేండ్లకు చెల్లును. బాడుగకు గాని నిత్యప్రయాణమునకు గాని దానిని వాడరాదు. ప్రదర్శనలకు, అట్టివానికి మాత్రమే బయటకు తీయవచ్చును. మీ పల్లెలలో ఇట్టి బండి యున్నచో ఇనుము కొనువానిని పిలుచుటకు ముందు దాని కాగితములు వెదకుడు. ఒక్క భాగమును విప్పకమున్నే అన్నివైపుల ఛాయాచిత్రములు తీయింపుడు. పాతరంగును అంతయు గీకివేయక, సీటుక్రింద ఒక జానెడు మేర విడువుడు. షెవర్లేకు పైన పచ్చరంగు, దాని క్రింద నలుపు ఉన్నవని మాకు అట్లే తెలిసినది.

నిబంధనము చేతబట్టుకొని, శిల్పిమాట మనసున నిలుపుకొని, నేను పల్లెకు పోవునప్పటికి మూడుదినములు గడచెను. కుడివైపు రంధ్రములు రెండును పూడ్చబడి, రంగుగూడ వేయబడి యుండెను. ఎక్కడ నుండెనో వ్రేలితో తడవినను తెలియరాలేదు. అంత చక్కని పని. నేను వచ్చుటకు ఇంత ఆలస్యము చేయక, తెలిసిననాడే వచ్చి చెప్పవలసినది. మేస్త్రీ నా మాట ఓర్పుగా విని, జమాఖర్చుపుస్తకమును అడిగి తీసికొని, బొగ్గుపద్దులను వ్రేలితో చూపుచు తానే చదువుకొనెను. ఎడమవైపు రెండింటిని ముట్టలేదు. వానికి త్రుప్పు పట్టకుండ అంచులకు పలుచగా నూనె రాసెను.

బండిని మొదటిసారి నడిపిననాడు ఇంటి మేనత్తను తెచ్చి అరుగుమీద కూర్చుండబెట్టిరి. ఆమెకు తొంబదియేండ్లు. బండి కొన్న పెద్దమనిషికి కూతురు. యుద్ధకాలమున చిన్నపిల్లయై ఆ బండిలోనే నంద్యాలకు పోయినది. ఇంజను రెండుమారులు దగ్గి, మూడవమారు అందుకొనెను. అందరును చప్పట్లు చరచిరి. ఆమె మాత్రము ముక్కు ఎగబీల్చి, చుట్టు చూచి, మనుమనితో ఇట్లనెను:

“ఇదేంది నాయనా, బొగ్గు వాసనే రాలేదే?”