టేకు కోసం కాపలా

ఆగు బిడ్డా, ఆ ముక్క మంటల ఏయకు. పాత దర్వాజదే గానీ అది టేకు. తుమ్మకట్టె ఎగదొయ్యి, దగ్గరికి జరుగుండ్రి, చెప్త.

మనం మగ్గాల కోసం సూరత్‌కు వచ్చినం. అంతకు ఎన్నో ఏండ్ల ముందు ఇది ఓడలు కట్టిన ఊరు. ఈడి పార్సీ వడ్రంగి లవ్‌జీ వాడియా 1736ల బొంబాయికి పోయి ఈస్టిండియా కుంపిణీకి ఓడలు కట్టిచ్చిండు. ఓడకు టేకే కావాలె. దాంట్ల నూనె ఉంటది. నీళ్లల్ల నానినా తొందరగ కుళ్లది, కొట్టిన ఇనుప మొలకు తుప్పు పట్టనియ్యది. ఇంగ్లండుల ఓక్ చెట్లు కరువైనకొద్దీ తెల్లోళ్ల కన్ను మన టేకు మీద వడ్డది. గీ పక్కనే, సహ్యాద్రి అంచుకున్న డాంగ్ అడవిని అక్కడి భీల్ రాజుల దగ్గర 1842ల కౌలుకు రాయించుకున్నరు. ఏటేటా రాజులకు ఇంత పైకం, టేకు కుంపిణీకి.

రాజులకు పైసలొచ్చినయి, మరి జనానికి? వాళ్లు ఎండకాలం చెట్ల కొమ్మలు కొట్టి, ఎండబెట్టి, మడిల పరిచి కాలుస్తరు. ఆ బూడిదల నాగ్లీ, అంటే మన తైదలు, అలుకుతరు. వానలు పడ్డంక నారు పీకి నాటుతరు. వాళ్ల కడుపు నిండేది దాంతోనే. అడవి ఆఫీసర్లకు మాత్రం అది అడవిని పాడుచేసుడు లెక్క అనిపించింది. 1878ల బ్రిటిషోళ్లు తెచ్చిన అడవి చట్టం పద్ధతే డాంగుకూ పాకింది. హద్దులు గీసిండ్రు, కొమ్మ కొట్టుడు తప్పన్నరు. కడుపు మండి జనం తిరగబడ్డ రోజులూ ఉన్నయి. 1913ల బరోడా గైక్వాడ్ రాజు బిలిమోరా నుంచి వాఘై దాక చిన్న రైలు ఏయించిండు. టేకు దుంగలు దాని మీద దిగినయి.

ఆ కాపలా లేకుంటే ఈ మాత్రం టేకు మిగిలేదా అంటరు కొందరు. మిగిలింది, కాదన. కానీ కాపలా కాసింది దుంగలకు. ఇప్పపువ్వు ఏరుకునేటోళ్లను, తైదలు పండించేటోళ్లను దొంగలను చేసిండ్రు. అది రక్షణ అంటే నేనొప్పుకోను. నిజాం రాజ్యంల గూడ ఇదే గోస. జోడేఘాట్ గుట్టల గోండుల నాయకుడు కుమ్రం భీము 1940ల పానమిచ్చింది అడవి మీద హక్కు కోసమే.

ఇప్పటికీ హోలీకి ముందు ఆహ్వాల డాంగ్ దర్బార్ అయితది, ఐదుగురు భీల్ రాజుల వారసులకు సర్కారు పింఛను ఇస్తది. ఆ 1878 చట్టం జాగల వచ్చిన 1927 అడవి చట్టం గూడ ఇంక నడుస్తనే ఉన్నది. వచ్చే హోలీకి పోయి రాండ్రి. బగ్గీల ఊరేగింపు చూసి మర్లి రాకుండ్రి. ఊర్లల్లకు పోయి, ముసలోళ్ల కాడ కూసోని, వాళ్ల తాతలు ఆ కొమ్మలు ఎట్ల కొట్టేటోళ్లో అడుగుండ్రి.