పరికరము లేకయే ఘనదృష్టి

స్టీరియోస్కోపు అనగానే రెండు కటకములమర్చిన చిన్న పెట్టె గుర్తునకు వచ్చును. జోడుచిత్రములను అందుంచి చూచినచో చదునైన బొమ్మకు లోతు కలుగును. అయితే ఈ పరికరమును కనిపెట్టినవాడే, అది లేకుండ ఉత్త కన్నులతో కూడ ఆ లోతును చూడవచ్చునని తన మొదటి వ్యాసములోనే వ్రాసెను. పరికరమునకు వచ్చిన ప్రఖ్యాతిలో ఆ సంగతి మరుగున పడినది.

ఆయన లండను కింగ్స్ కాలేజీ ఆచార్యుడైన చార్లెస్ వీట్‌స్టన్. విద్యార్థులు ఈ పేరును వీట్‌స్టన్ బ్రిడ్జి వలన ఎరుగుదురు. ఆ బ్రిడ్జిని 1833లో కనిపెట్టినది నిజమునకు శామ్యూల్ క్రిస్టీ. స్టీరియోస్కోపు మాత్రము వీట్‌స్టన్ సొంతము. 1838 జూన్‌లో రాయల్ సొసైటీకి ఆయన సమర్పించిన వ్యాసములో, ఒకే వస్తువును కుడికన్ను, ఎడమకన్ను వేరువేరుగా చూచు తీరున గీసిన జోడుబొమ్మలు కలవు. ఫోటోగ్రఫీ అప్పటికింకను లోకమునకు వెల్లడి కాలేదు. బొమ్మలు వట్టి గీతలు, నీడలు లేవు. లోతు నీడల వలన వచ్చినదని ఎవరును అనుటకు వీలులేకుండ ఆయన చేసిన ఏర్పాటది.

ఉత్త కన్నులతో చూచుట ఏల కష్టము? దగ్గరి వస్తువును చూచునపుడు రెండు పనులు ఒకేసారి జరుగును: కన్నులు ముక్కువైపు తిరుగును, కంటిలోని కటకము ఉబ్బును. పసితనము నుండియు ఈ రెండును జంటగా నడచుచున్నవి. జోడుబొమ్మలను కలుపుటకు ఆ జంటను విడదీయవలెను; చూపు దూరమున నుండవలెను, స్పష్టత కాగితముపై నిలువవలెను. మొదట మసకగా కనబడునని, అలవాటుతో తేరుకొనునని వీట్‌స్టన్ గ్రహించెను. అలవాటు లేనివారికై రెండు అద్దముల పరికరమును సిద్ధము చేసెను.

తరగతిలో దీనిని ఇట్లు చూపవచ్చును. కేంద్రముల మధ్య 5 సెం.మీ. ఎడముండునట్లు, 3 సెం.మీ. వ్యాసము గల రెండు వృత్తములను ప్రక్కప్రక్కన గీయుడు. ఒక్కొక్క దానిలో 1 సెం.మీ. వ్యాసము గల చిన్న వృత్తమును గీయుడు. ఎడమ బొమ్మలో చిన్నది కేంద్రమునకు 2 మి.మీ. కుడికి, కుడి బొమ్మలో 2 మి.మీ. ఎడమకు జరిగియుండవలెను. కాగితమును ముఖమునకు ఆనించునంత దగ్గరగా పట్టి, దాని గుండ దూరపు గోడను చూచుచున్నట్లు కన్నులను వదలి, మెల్లమెల్లగా దూరము జరుపుడు. మూడు బొమ్మలు కనబడును. నడిమిదానిలో చిన్న వృత్తము పైకి తేలి వచ్చును. కాగితమునకు ముందు పెన్సిలు మొనను నిలిపి, ఆ మొననే చూచుచు కన్నులను అడ్డముగా కలిపినచో, అదే వృత్తము లోనికి పోవును! ఏ కన్నునకు ఏ బొమ్మ అందినదనుటపై అంతయు ఆధారపడియున్నది.

ఎంత యత్నించినను కొందరు పిల్లలకు ఇది కనబడదు. వారిని మందమతులనరాదు. చాలమందికి కావలసినది ఓపికయే. కాని కొందరికి మెల్లకన్నో, ఒక కంటి చూపు తగ్గుటయో కారణము కావచ్చును. అట్టివారిని కంటి వైద్యునికి చూపించుట ఉపాధ్యాయుని పని. ఈ లోపములకు చికిత్స చిన్నతనముననే ఎక్కువగా ఫలించును.

1844లో స్కాట్లండు శాస్త్రజ్ఞుడు డేవిడ్ బ్రూస్టర్ మరియొక వింతను వర్ణించెను. ఒకే పువ్వు వరుసగా అచ్చయిన గోడకాగితమును చూచునపుడు, రెండు కన్నులు ప్రక్కప్రక్క పువ్వులపై నిలిచినచో గోడయే ముందుకో వెనుకకో జరిగినట్లుండును. కటకముల స్టీరియోస్కోపును 1849లో రూపొందించినదియు ఈయనయే. 1851 లండను ప్రదర్శనము పిమ్మట అది ఇంటింటికిని ప్రాకినది; గోడకాగితపు వింతను పట్టించుకొన్నవారు తక్కువ.

1960లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో బేలా యూలెష్ కంప్యూటరుతో కేవలము చెదరిన చుక్కల జోడుచిత్రములను ప్రకటించెను. ఏ ఒక్కదానిలోను ఆకారమన్నది లేదు. రెండును కలిసినపుడే చతురస్రము తేలును. ఒక్కొక్క కన్ను ఆకారమును ముందుగా గుర్తించిన తరువాతనే మెదడు లోతును కట్టునన్న ఊహ దీనితో వీగిపోయినది. ఆ చుక్కలను, బ్రూస్టరు గోడకాగితమును ఒకే చిత్రములో కలిపినవాడు క్రిస్టఫర్ టైలర్, అది 1979. ఇట్టి చిత్రముల పుస్తకములు 1990లలో దేశదేశముల అమ్ముడుపోయినవి. వాటితో అద్దముల నెవరును ఇయ్యలేదు. పుటను ముక్కునకు ఆనించి మెల్లగా దూరము జరుపుడను సూచన మాత్రము ఇచ్చిరి.