కూటి చెట్టు మీద పన్ను

తక్కువ ఖర్చు వంటల గురించి ఇప్పుడు అందరూ అడుగుతున్నారు. మన తాతముత్తాతల వంటకు ఉప్పు తప్ప కొనే సరుకు తక్కువే. వేసవి చివర గింజలు అయిపోయేవి. అప్పుడు గోదావరి పక్క కొండల్లో కొండరెడ్లు మామిడి టెంకలు పగలగొట్టి, లోపలి జీడి ఎండబెట్టి దంచి, వగరు పోయేదాకా పారే నీళ్లలో ఉంచి, ఆ పిండితో అంబలి కాచేవారు. జీలుగు చెట్టు కొడితే కాండంలోని గుజ్జు కూడా తిండే. చెట్టు నిలబడి ఉంటే కల్లు. ఆ నెలల్లో చాలామందికి కల్లే ఒక పూట కూడు.

1879 రంప పితూరీ పాఠంలో కల్లు పన్ను అనగానే పిల్లలు నవ్వుతారు. చిన్నప్పుడు మేమూ సిగ్గుతో తల దించుకున్నాం. పితూరీకి వేరే కారణాలూ ఉన్నాయి. అయినా చిగురుపన్ను, కల్లు గుత్తేదార్లు వచ్చి పడింది డబ్బు లేకుండా నడిచే పొయ్యి మీదే. చెట్టు ఉంది, గీసే చెయ్యి ఉంది, పన్నుకు రూక ఎక్కడిది? షావుకారు దగ్గరికే పోవాలి.

1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తగ్గింది, కాదనలేం. చాలా ఇళ్లలో టెంకలు దంచే రోకలి మూలన పడింది. ఆ రోజుల్లో ఏం తినేవారో అవ్వల్ని అడిగి రమ్మని మా బడి పిల్లలకు చెప్పాం. ఒక పిల్ల టెంక పిండి పొట్లమే తెచ్చింది.