వెనక సందు నుంచి బేస్‌మెంట్ దాకా: బెంగళూరు డ్రైనేజీ కనెక్షన్ కథ



డ్రైనేజీ కనెక్షన్ మీద మన గ్రూపులో మొదలైన చర్చ చాలా దూరం పోయింది. కావేరి నీళ్ళకు కట్టాక డ్రైనేజీకి మళ్ళీ వేరే ఎందుకు కట్టాలని కొందరు అడిగారు. ఎస్టీపీ ఉన్న అపార్ట్‌మెంట్‌కు బోర్డు లైను దేనికని ఇంకొందరు అడిగారు. ఫీజుల లెక్క కమిటీలో తెలిసినవాళ్ళు చెబుతారు. మేము రాయబోయేది అంతకంటే పాత సంగతి. ఇంటి మురుగు ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు ఈ ఊరు నూట పాతికేళ్ళలో చాలాసార్లు జవాబు మార్చింది. ఆ మురుగులోకి దిగే మనిషి మాత్రం మారలేదు. ఆ మనిషి చాలాసార్లు మన భాష మాట్లాడేవాడే కాబట్టి తెలుగు సంఘంలో ఈ సంగతి రాస్తున్నాం.

బసవనగుడి, మల్లేశ్వరం పాత వీధుల్లో తిరిగినవాళ్ళకు తెలుసు, రెండు వరుసల ఇళ్ళ వెనక ఒక సన్నని సందు ఉంటుంది. ఇప్పుడు అక్కడ బైకులు పెడతారు, పాత సామాన్లు పడేస్తారు, కొన్నిచోట్ల ఎవరో కలిపేసుకున్నారు కూడా. దాన్ని కన్సర్వెన్సీ లేన్ అంటారు. 1898లో ఊరిని ప్లేగు పట్టింది. పేటలోని ఇరుకు ఇళ్ళు వదిలి జనం ఈ కొత్త ఎక్స్‌టెన్షన్లకు వచ్చారు. వెడల్పు రోడ్లు, గాలి, వెలుతురు, వాటితోపాటు వెనక సందు. ఆ రోజుల్లో మరుగుదొడ్డి ఇంటి వెనక గోడకు ఆనుకొని ఉండేది. సందులోంచి మనిషి వచ్చి, చిన్న తలుపు తీసి, మలాన్ని ఎత్తి తీసుకుపోవాలి. మన ఊళ్ళలో పాకీ దొడ్డి అనేవాళ్ళం కదా, అదే. ముందు వాకిట్లోకి రానివ్వని మనిషి కోసం ప్లాను గీసేటప్పుడే వెనక దారి గీశారు. నగర ప్రణాళిక అంటే బసవనగుడిని మెచ్చుకునేవాళ్ళు ఈ సందు సంగతి ఎత్తరు.

భూగర్భ డ్రైనేజీ రావాలంటే ముందు నీళ్ళు రావాలి. పైపులో మురుగు కదలాలంటే నీరు తోయాలి, వాలు ఉండాలి. హెసరఘట్ట నుంచి కొళాయి నీళ్ళు 1896లో వచ్చాయి. ఊరి నడిబొడ్డున భూగర్భ లైన్ల పని 1922లో మొదలైంది. అప్పటికి ఇది ఒక ఊరు కాదు, సిటీ ఒకటి, కంటోన్మెంట్ ఒకటి, రెండు పాలనలు. రెండూ కలిసి ఒకే కార్పొరేషన్ అయింది 1949లో. లైను పోయిన వీధిలో ఇల్లు ఉన్నవాడికి కనెక్షన్, లేనివాడికి వెనక సందు. చాలాకాలం అలాగే నడిచింది.

1964లో నీళ్ళను, మురుగును కార్పొరేషన్ చేతిలోంచి తీసి ఒక బోర్డుకు ఇచ్చారు. మన నీటి బిల్లు మీద కనిపించే బీడబ్ల్యూఎస్‌ఎస్‌బీ అదే. కన్నడంలో దాని పేరులో ఒళచరండి అన్న మాట ఉంది, లోపలి కాలువ అని అర్థం. 1974లో కావేరి మొదటి దశ నీళ్ళు వచ్చాయి. సుమారు వంద కిలోమీటర్ల దూరం నుంచి, దాదాపు అర కిలోమీటరు ఎత్తుకు పంపు చేసి తెచ్చిన నీళ్ళు. బోర్డు సీవరేజీ రెగ్యులేషన్లు వచ్చిందీ అదే ఏడాది. అంత కష్టపడి పైకి తెచ్చిన నీరు వాడాక ఎటో పోవాలి కదా.

ఆ నిబంధనల సారం ఇప్పటికీ పెద్దగా మారలేదు. ఇంటి లోపలి పైపులు, ఆవరణలోని చాంబర్ యజమాని బాధ్యత. రోడ్డు కింది లైను బోర్డు బాధ్యత. రెంటినీ కలపాలంటే అర్జీ, రుసుము, అనుమతి కావాలి. ఎవరో మేస్త్రీని పిలిచి రాత్రికి రాత్రి రోడ్డు తవ్వి కలుపుకోవడం నేరం. ఇంకొక నియమాన్ని మనలో చాలామంది తెలియకుండానే మీరుతున్నాం: మేడ మీది వాననీటి పైపును డ్రైనేజీలోకి వదలకూడదు. మురుగు లైను వాననీటికి సరిపడేలా వేయరు. వాన పడ్డ రోజు వీధి చివర మ్యాన్‌హోల్ పొంగుతోందని బోర్డును తిడతాం. అందులో సగం మన మేడల నీళ్ళే అయి ఉండొచ్చు. దానికి తలకిందుల తప్పు, మురుగును వాననీటి రాజకాలువలోకి వదలడం.

బెంగళూరు గట్టు మీది ఊరు. దాని మురుగు వృషభావతి, కోరమంగల-చల్లఘట్ట, హెబ్బాళ అనే మూడు లోయల్లోకి దిగుతుంది. 2007లో చుట్టూ ఉన్న ఏడు నగరసభలు, ఒక పురసభ, 110 గ్రామాలు కలిసి బీబీఎంపీ అయ్యాయి. ఫ్లాట్లు ముందు లేచాయి, డ్రైనేజీ లైను తర్వాత ఎప్పుడో వచ్చింది. ఈ మధ్యకాలంలో మురుగు ఇంకుడు గుంతలోకో, ట్యాంకరులోకో, రాజకాలువలోకో పోయింది. ఫలితం బెళ్ళందూరు చెరువు. 2015లో దాని నురుగు అంటుకుంది, 2017లో, 2018లో మళ్ళీ మంటలు లేచాయి. నీళ్ళు తగలబడటం దేశమంతా టీవీలో చూసింది.

అప్పుడు ప్రభుత్వం బాధ్యతను రోడ్డు మీంచి మళ్ళీ ఇంటివైపు నెట్టింది. 2016లో వచ్చిన నిబంధనల ప్రకారం కొత్తగా కట్టే మధ్యరకం అపార్ట్‌మెంట్లు కూడా సొంత ఎస్టీపీ పెట్టుకోవాలి. యాభై ఫ్లాట్లు దాటిన పాత భవనాలకు కూడా అదే అన్నారు. స్థలమెక్కడిది, శుద్ధి చేసిన నీరు ఎవరు కొంటారు, కరెంటు ఖర్చెవరిది అని అపార్ట్‌మెంట్ సంఘాలు గొడవ చేశాయి. ఆ గొడవలో న్యాయం ఉంది. పాత భవనం బేస్‌మెంట్‌లో ఎస్టీపీ ఇరికించడం కారు డిక్కీలో వంటగది కట్టడం లాంటిది. అయితే ఆ చర్చల్లో, మాకు గుర్తున్నంతవరకు, ఆ ట్యాంకును ఎవరు కడుగుతారు అని అడిగినవాళ్ళు తక్కువ.

2017 మార్చిలో సీవీ రామన్ నగర్ వైపు కగ్గదాసపురలో మ్యాన్‌హోల్‌లో ముగ్గురు చనిపోయారు. మరుసటి రోజు పత్రికలో ఆ పేర్లు చదివితే మన ఊళ్ళో వినే పేర్లే. 2018 జనవరిలో హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ దగ్గర సోమసుందరపాళ్యలో ఇంకో ముగ్గురు పోయారు. అది రోడ్డు మీది మ్యాన్‌హోల్ కాదు, ఒక అపార్ట్‌మెంట్ ఎస్టీపీ. ఇలాంటి చావులు తరచు ఒకే తీరున జరుగుతాయి. మొదటివాడు విషవాయువుకు పడిపోతాడు, వాణ్ణి లాగడానికి రెండోవాడు దిగుతాడు, ఆ వెనక మూడోవాడు.

ఈ ఊరి పౌరకార్మికుల్లో ఎక్కువమంది తెలుగు మాట్లాడే దళితులు. అనంతపురం, కడప, చిత్తూరు వైపు నుంచి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. ఉగాదికి మన సంఘం వేదిక మీద వాళ్ళ పిల్లల్ని ఎప్పుడైనా పిలిచామా అని మేము వెనక్కి తిరిగి చూసుకున్నాం. జ్ఞాపకం రాలేదు.

కోలారు గనుల ఊళ్ళోనూ ఇదే కథ. 1966లో అక్కడి తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ ఇంట్లోవాళ్ళు గనుల కాలనీ పాకీ దొడ్లు కడిగేవాళ్ళు. 1970లలో దేవరాజ అరసు ప్రభుత్వంలో మంత్రి బి. బసవలింగప్ప నెత్తిన మలం మోయడాన్ని నిషేధించారు. 1993లో కేంద్ర చట్టం వచ్చింది. అయినా గనుల ఊళ్ళో దొడ్లు ఉన్నాయి. విల్సన్ ఉత్తరాలు రాసి, పత్రికలకు ఎక్కించి, పట్టుబట్టి వాటిని మార్పించాడు. అక్కడి నుంచి పుట్టిందే సఫాయి కర్మచారి ఆందోళన్. మన ఆంధ్ర ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ గారు దానికి అండగా నిలిచారు. ఆ సంస్థ వేసిన కేసులోనే 2014లో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగులో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికి పది లక్షలు ఇవ్వమంది. 2023లో దాన్ని ముప్పై లక్షలు చేసింది. విల్సన్‌కు 2016లో మెగసెసే అవార్డు వచ్చింది.

2013 చట్టం ప్రకారం రక్షణ పరికరాలు, జాగ్రత్తలు లేకుండా మనిషిని సీవరులోకో సెప్టిక్ ట్యాంకులోకో దింపి కడిగించడం నేరం. మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా. చట్టం వ్యక్తులనూ వదలదు. అంటే కాంట్రాక్టరుకు ఫోన్ చేసిన అపార్ట్‌మెంట్ సెక్రటరీ కూడా జవాబు చెప్పుకోవలసి రావచ్చు.

కాబట్టి లైను ఉన్న వీధివాళ్ళు కనెక్షన్ తీసుకోండి, వాననీటి పైపు ఎటు పోతోందో ఒకసారి చూసుకోండి. రోడ్డు లైను మూసుకుంటే వీధిలో ఎవరినో పట్టుకోకుండా 1916కు ఫోన్ చేసి జెట్టింగ్ మిషన్ అడగండి. ఎస్టీపీ ఉన్నవాళ్ళు వచ్చే సమావేశానికి మీ శుభ్రత కాంట్రాక్టు కాగితం తీసుకురండి. మనిషి దిగడు, మిషన్‌తోనే పని అన్న వాక్యం అందులో ఉందో లేదో అందరం కలిసి చదువుదాం. లేనివాళ్ళకు ఆ వాక్యం తెలుగు, కన్నడం, ఇంగ్లీషుల్లో మేము రాసి తెస్తాం.