లెక్కలలోని సున్న

బెజవాడనుండి బందరునకు బోవు మార్గమున కంకిపాడు కలదు. అచ్చటి పచ్చని మాగాణులను జూచు బాటసారికి, వానిని తడుపు కాలువల వెనుక నొక మహాక్షామము కలదని తోచదు. 1832-33లో, నందననామ సంవత్సరమున, కృష్ణకు ఆవలి గుంటూరు మండలమును కరవు పీడించెను. ఐదు లక్షల ప్రజలలో రెండు లక్షలమంది మడిసిరని చరిత్రకారులు వ్రాయుదురు. ఆ పిమ్మట ఆనకట్ట ఆలోచన బలపడి, 1855లో బెజవాడయొద్ద నది కట్టు పూర్తియయ్యెను.

ఆ రెండు లక్షలను లెక్కించిన వారెవరు? మద్రాసు రాజధానిలో క్రమమైన తొలి జనగణన 1871లో జరిగినది. కావున నది అంచనాయే. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరును ముంచిన ఉప్పెనలో ముప్పదివేలమంది మరణించిరనుటయు నట్టిదే. ఆ సంఖ్యల చివరి సున్నలు మన యెరుగమిని దెలుపుచున్నవి.

ఐనను సున్నలన్నియు నొక్కజాతివి కావు. రెవెన్యూ లెక్కలలో 'బేచిరాగు' గ్రామములు కలవు. దీపము లేనిదని ఆ పారసీక పదమున కర్థము. అట్టి యూరికి పేరును, హద్దులును ఉండును, కాపురముండువారు లేరు. అచ్చట జనసంఖ్య సున్నయనుట సత్యము.

చూడక విడిచిన గడి వేరు. 2021లో జరుగవలసిన జనగణన కోవిడ్ కారణమున ఆ యేట జరుగలేదు. ఆ గడిలో సున్న వ్రాసినచో దేశమంతయు బేచిరాగగును గదా!

మూడవది దాచిన చిన్న సంఖ్య. 1961 జనగణన 1,652 మాతృభాషలను బేర్కొనెను. 1971 నుండి పదివేలమందికి దక్కువగా మాటాడు భాషలను 'ఇతరములు'లో గలిపిరి. పట్టికలో పేరు లేనంతమాత్రమున ఆ భాష చచ్చినదనుట పొరపాటు.

దాచుట యొక్కొక్కప్పుడు ధర్మమే. ఒక యూర నొక వ్యాధి యిద్దరికే కలదని యచ్చొత్తించినచో, ఆ యిద్దరెవరో యూరెల్ల నెరుగును. అట్టియెడ 'ఐదునకు దక్కువ' యని స్పష్టముగ వ్రాయవలెను. అది సున్న గాదని తెలిసినయెడల, కూడువాడు దానిని ఒకటి మొదలు నాలుగువరకు నుండునని పట్టి, మొత్తమును రెండు హద్దుల నడుమ జెప్పవలెను.

లేరు, తెలియదు, చెప్పరాదు: ఈ మూటికిని ఒకే గుర్తు వాడరాదు. నందన కరవున బోయినవారి పేరుల నెవరును వ్రాసియుంచలేదు. ఆ గడిని ఖాళీగనే చూపి, 'తెలియదు' అని వ్రాయుట వారియెడ మనకు మిగిలిన మర్యాద.